ఎవరిని చూశారు? ఎవరిని అడిగారు?

(ఖమ్మంలో డిగ్రీ విద్యార్థినులు, ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ టీచర్లు, బట్టల షాపుల్లో పనిచేసే మహిళల ముందు ఒక వైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో డిగ్రీ పిల్లలున్నారు. వెనక ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ టీచర్లు ఉన్నారు. అటు పక్కన బట్టల షాపుల్లో పనిచేసే అక్కచెల్లెళ్లు. మీలో కొంతమంది పూట జీతం వదులుకుని వచ్చారని చెప్పారు. మీకు ప్రత్యేకంగా నమస్కారం. మీ కాళ్ల సంగతి చివర్లో మాట్లాడతాను, అందాకా ఉండండి.

ఈరోజు జబ్బుల జాబితా చదవడానికి రాలేదు నేను. మన ఒంటి గురించి డాక్టర్లకు తెలిసింది ఎలా తెలిసింది? ఎవరిని చూసి తెలుసుకున్నారు? నా మాటంతా దాని మీదే. ఏ పరిశోధన గురించి విన్నా రెండు ప్రశ్నలు వేయండి. ఎవరిని చూశారు? ఎవరిని అడిగారు? ఈ రెండే. నేను చెప్పే ప్రతి కథలోనూ ఇవే వస్తాయి.

పెద్దమనిషి కావడం దగ్గర మొదలుపెడదాం. డిగ్రీ పిల్లలూ, తల దించుకోకండి, ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఇంగ్లండులో హార్పెండెన్ అని ఒక ఊరు. అక్కడ పిల్లల ఆశ్రమం ఒకటి ఉండేది. జేమ్స్ టానర్ అనే డాక్టరు 1940ల చివర నుంచి ఏళ్ల తరబడి ఆ పిల్లల ఎత్తు, బరువు, ఒంట్లో వచ్చే మార్పులు అన్నీ రాసుకుంటూ వచ్చాడు. మార్షల్ అనే ఇంకో డాక్టరుతో కలిసి 1969లో 192 మంది ఆడపిల్లల లెక్కలు ప్రచురించాడు. ఈరోజుకీ ఏ దేశంలోనైనా పిల్లల డాక్టరు 'ఈ అమ్మాయి ఎదుగుదల సరిగ్గానే ఉందా' అని చూసేది టానర్ దశలతోనే.

ఆ లెక్కల్లో తేలింది ఏమిటంటే, ముందు రొమ్ములు మొలకెత్తుతాయి. ఆ తర్వాత పిల్ల ఒక్కసారిగా పొడుగు సాగుతుంది. ఆ సాగే వేగం తగ్గడం మొదలయ్యాకే మొదటి ముట్టు వస్తుంది. రొమ్ము మొలకెత్తినప్పటి నుంచి ముట్టు దాకా సగటున రెండేళ్ల పైనే పడుతుంది. వరస అదీ. ఇప్పుడు మన ఇళ్లల్లో ఏం చేస్తాం? పిల్ల పెద్దమనిషి అయిందని తెలియగానే నువ్వులు, బెల్లం, ఎండు కొబ్బరి, నెయ్యి. చాపేసి కూర్చోబెట్టి మరీ పెడతాం. పెట్టండి, మంచిదే. ముట్టు మొదలయ్యాక నెలనెలా రక్తం పోతుంది, ఇనుము కావాలి. కానీ ఎముక సాగే కాలంలో ఎక్కువ భాగం అప్పటికే అయిపోయింది కదా? ఆ తర్వాత పెరిగేది సగటున కొన్ని సెంటీమీటర్లే. తిండి గట్టిగా పడాల్సింది తొమ్మిదేళ్లకు, పదేళ్లకు, పదకొండేళ్లకు. ఆ వయసులో ఫంక్షనూ ఉండదు, చిమ్మిరీ ఉండదు. అంగన్‌వాడీకి పెద్దదైపోయింది, పెళ్లికి చిన్నది, ఎవరి కంటా పడదు. టీచర్లూ, ఈ మాట మీ ఊళ్లో తల్లులకు చెప్పండి. ముట్టు రాకముందే చెప్పండి.

ఇక నా ప్రశ్నలు. ఆ 192 మంది ఎవరు? ఆశ్రమంలో ఉన్న పిల్లలు. క్రమం తప్పకుండా వాళ్లను బట్టలు లేకుండా నిలబెట్టి ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు చూసే దశలు గీశారు. తల్లిదండ్రులు పక్కన ఉన్న పిల్లలైతే అలా ఏళ్ల తరబడి తీయనిచ్చేవారా? ఆ పిల్లల వల్ల మనకు దొరికిన జ్ఞానం చాలా విలువైనది, నేను రోజూ వాడాను. వాళ్లను అలా నిలబెట్టడం మాత్రం నాకు బాధగానే ఉంటుంది. ఈ ఆశ్రమం సంగతి గుర్తుపెట్టుకోండి, మన జిల్లాకు వచ్చినప్పుడు మళ్లీ ఎత్తుతాను.

తిండి మాట వచ్చింది కాబట్టి మన దగ్గరి పరిశోధన ఒకటి. చాలామందికి తెలియదు దీని గురించి. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు చుట్టుపక్కల 29 ఊళ్లలో జరిగింది. కొన్ని ఊళ్లలో అప్పుడే ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీల పథకం, మొదలైంది, కొన్నింటికి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. జాతీయ పోషకాహార సంస్థ, మన తార్నాకలోది, దీన్ని గమనించింది. అక్కడితో ఆగిపోయి ఉంటే అందరూ మర్చిపోయేవాళ్లు. ఆగలేదు. 2003, 2005 మధ్య మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి, అప్పటికి 13 నుంచి 18 ఏళ్లు వచ్చిన ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. 1,165 మందిని. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. రక్తనాళాలు బిరుసెక్కడం తక్కువగా ఉంది, షుగరు జబ్బు వైపు నడిపించే లక్షణాలు కూడా తక్కువగా ఉన్నాయి. 2008లో ఈ ఫలితాలు ప్రచురించారు.

14 మిల్లీమీటర్లంటే ఎంతని మీకనిపించవచ్చు. ఒక పిల్లకైతే చిన్నదే. ఊరంతటికీ సగటు అంత జరిగిందంటే చిన్నది కాదు. అది కూడా తల్లి కడుపులో ఉన్నప్పుడు, చిన్నతనంలో రోజుకో గిన్నెడు ఉప్మాతో. అంగన్‌వాడీ టీచర్లూ, మీ పనికి ఎవరూ మర్యాద ఇవ్వడం లేదని నాకు చెప్పుకుంటారు మీరు. మీరు చేసే పనికి పదిహేనేళ్ల తర్వాత ఫలితం కనిపిస్తుందని చూపించిన పరిశోధన ఇది. పై అధికారులు వచ్చినప్పుడు ఈ మాట గట్టిగా చెప్పండి.

రక్తం తక్కువ. ఇది అందరికీ తెలిసిన మాటే, ఎక్కువసేపు మాట్లాడను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశమంతటా 57 శాతం మందికి రక్తహీనత. తెలంగాణ, ఆంధ్రా రెండూ ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి. ఐరన్ మాత్ర గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది చూశారా, దాని వెనక ఉన్న ఆడవాళ్ల గురించి మాత్రం చెప్పాలి.

లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు రక్తం తగ్గిపోయి చచ్చిపోతున్నారు, కారణం తెలియడం లేదు. ఆమె వాళ్లు ఏం తింటున్నారో చూసింది. కూనూరు వెళ్లి కూడా పని చేసింది. చివరికి ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే వాళ్లు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రచురించింది. అందులో ఉన్న పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధన కేంద్రమే 1950ల చివర్లో హైదరాబాదుకు మారి, ఇప్పుడు తార్నాకలో ఉన్న సంస్థ అయింది. బొంబాయి మిల్లు కూలీ ఆడవాళ్ల రక్తంలో నుంచి వచ్చింది ప్రపంచంలో ప్రతి గర్భిణి వేసుకునే ఆ మాత్ర. ఆ ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది వస్తోంది. గడ్చిరోలి. దూరం కాదు మనకు. ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. సిరొంచ నుంచి మన వైపు బంధుత్వాలు ఉన్నవాళ్లు ఇక్కడ కూడా ఉండే ఉంటారు. అక్కడ రాణీ బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టరు దంపతులు 1986లో పని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆడవాళ్ల ఆరోగ్యం అంటే ప్రభుత్వానికి రెండే విషయాలు. కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్. కాన్పుకు కాన్పుకు మధ్య ఆమెకు ఒళ్లు ఉందని ఎవరూ అనుకోలేదు. రాణీ బంగ్ వసా, అమీర్జా అనే రెండు ఊళ్లకు వెళ్లింది. ఆసుపత్రికి వచ్చినవాళ్లను కాదు, ఊళ్లో ఉన్నవాళ్లను చూసింది. జబ్బుందన్నవాళ్లను, లేదన్నవాళ్లను, పెళ్లయినవాళ్లను, కానివాళ్లను. 650 మందిని పరీక్ష చేసింది.

ఫలితం వినండి. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉంది. నూటికి తొంభై రెండు మంది! సగటున ఒక్కొక్కరికి 3.6 జబ్బులు. మాకు ఫలానా బాధ ఉందని నోరు తెరిచి చెప్పినవాళ్లు 55 శాతమే. అంతకుముందు ఎప్పుడైనా డాక్టరు చేత ఇలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతం. 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇది వచ్చాక ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తర్వాత అయిదేళ్లకు కైరోలో జనాభా మీద పెద్ద సమావేశం జరిగింది, కుటుంబ నియంత్రణ లెక్కలు ఒక్కటే చాలవు, ఆడవాళ్ల పునరుత్పత్తి ఆరోగ్యం మొత్తం చూడాలని అక్కడ ఒప్పుకున్నారు. ఆ మార్పు వైపు తోసిన పనుల్లో ఈ రెండు ఊళ్ల పరిశోధన ఒకటి.

తెల్లబట్ట అవుతోందని, నడుం గుంజుతోందని, ముట్టులో గడ్డలు గడ్డలుగా పోతోందని మీ దగ్గర ఎంతమంది చెబుతారు ఆశా అమ్మలూ? ఎంతమంది చెప్పరు? చెప్పనివాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది? రాణీ బంగ్ గొప్పతనం ఎక్కడుందంటే, ఆమె చెప్పనివాళ్ల దగ్గరికి వెళ్లింది. రక్తపరీక్షలు, సూక్ష్మదర్శినులు ఎవరైనా పట్టుకెళ్లగలరు. ఆమె ముందు మంత్రసానులతో కూర్చుంది, వాళ్ల మాటలు నేర్చుకుంది, తర్వాత వాళ్లకు శిక్షణ ఇచ్చింది. ఊరి ఆడవాళ్లు నమ్మారు కాబట్టి బల్ల మీద పడుకున్నారు.

ఆ బాధలకు సమయానికి వైద్యం అందకపోతే ఏమవుతుంది? మన దగ్గర ఏమవుతోందో మీకు తెలుసు. గర్భసంచి తీసేస్తున్నారు. ఇందాక చెప్పిన 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. దేశం మొత్తం మీద ముందు వరసలో మనమే. ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లో. అడిగితే చెప్పే కారణాల్లో మొదటిది ముట్టు ఎక్కువ కావడం. ముట్టు ఎక్కువైతే ముందు మందులున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోను సాధనం ఉంది, అసలు ఎందుకవుతోందో తెలుసుకునే స్కానింగు ఉంది. క్యాన్సరు భయం పెట్టి, పిల్లలు పుట్టేశారు కదా ఇంకెందుకని చెప్పి, ముప్పై అయిదేళ్లకే తీసేస్తే? అండాశయాలు కూడా తీస్తే ముట్లు ఆగే వయసు ఆ రోజే వచ్చినట్టు. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పని మానేస్తాయి. నిజంగా తీయాల్సిన సందర్భాలున్నాయి, ఆపరేషనే వద్దని నేననను. ఒక్క డాక్టరు మాట మీద, ఒక్క రోజులో నిర్ణయం తీసుకోవద్దంటున్నాను. ఇంకో డాక్టరుకు చూపించండి. పల్లెలో పొలం కూలికి వెళ్లే ఆమెకు ఆ రెండో డాక్టరు దగ్గరికి వెళ్లే బస్సు చార్జీ కూడా లెక్కే, ఆ సంగతి తెలిసే చెబుతున్నాను.

సరే, మన జిల్లాకు వద్దాం. ఈ సంగతి ఖమ్మంలో నిలబడి చెప్పకుండా వెళ్లలేను.

2009 జులై. ఉమ్మడి ఖమ్మం జిల్లా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా, దాన్ని తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌కు టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నవాళ్లు. కొన్ని మరణాల వార్తలు వచ్చాయి. మహిళా ఆరోగ్య సంఘాలు వచ్చి ఊళ్లు తిరిగాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ ఆ భయం మన ఊళ్లలో తిరుగుతోంది.

కానీ విచారణలో ఇంకొకటి తేలింది. మన జిల్లాలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని చాలా గట్టిగా తప్పుపట్టింది. అమ్మా నాన్నా తునికాకు ఏరుతూ అడవిలో ఉంటే, పిల్ల తరఫున వార్డెను సంతకం! హార్పెండెన్ గుర్తుపెట్టుకోమన్నాను కదా? అక్కడా ఆశ్రమం పిల్లలే, ఇక్కడా ఆశ్రమం పిల్లలే. పరిశోధనకు సులువుగా దొరికేది ఎవరంటే, తరఫున మాట్లాడేవాళ్లు పక్కన లేనివాళ్లు.

దీని తర్వాత జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే సగం కథే అవుతుంది. ఆ సమయంలోనే దేశంలో వేరే చోట్ల ఇదే టీకా మీద ఇంకో పరిశోధన జరుగుతోంది. ఎన్ని డోసులు కావాలో తేల్చడానికి. 2010లో ఈ టీకా పరిశోధనలన్నీ ఆపేయడంతో అది కూడా మధ్యలో ఆగిపోయింది. దాంతో దాదాపు 5 వేల మంది పిల్లలకు ఒక్క డోసే పడింది. వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి గమనించారు. పదేళ్ల తర్వాత, 2021లో, ఒక్క డోసు కూడా ప్రమాదకరమైన వైరస్ రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా గట్టిగానే కాపాడుతోందని ప్రచురించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలని ఒప్పుకోవడానికి ఆధారాల్లో ఇదొకటి. మూడు డోసుల ఖర్చు భరించలేని పేద దేశాలకు ఇది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. మన జిల్లాలో జరిగిన తప్పు వల్ల ఆగిన టీకా, వేరే పిల్లల దయ వల్ల, ప్రపంచంలో కోట్లమంది పిల్లలకు దారి చూపింది.

టీకా మంచిదా కాదా? మంచిది. స్వీడన్‌లో 17 ఏళ్లలోపు వేయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సరు 88 శాతం తగ్గిందని 2020లో చూపించారు. నా మనవరాలికైతే నేను వేయిస్తాను. మీ పిల్లలకూ వేయించమంటాను. వేసే ముందు తల్లికి తెలుగులో, కోయ మాట్లాడే తల్లికి కోయలో, ఇది ఏమిటో, ఎందుకో, వద్దనే హక్కు కూడా ఉందని చెప్పాలి. చెప్పి వేస్తే ఎవరూ వద్దనరు. చెప్పకుండా వేసిన ఆ ఒక్క ఏడాది వల్ల పదేళ్లు వెనకబడ్డాం.

ఇక కాళ్లు. షాపుల నుంచి వచ్చిన అక్కలూ, ఇప్పుడు మీ వంతు.

సాయంత్రానికి పిక్కలు లాగేస్తాయి. చీలమండలు వాస్తాయి. మోకాలి వెనక, పిక్క మీద నీలంగా వంకర్లు తిరిగి నరాలు ఉబ్బుతాయి. వెరికోస్ వీన్స్. కాళ్లలోకి దిగిన రక్తం మళ్లీ గుండెకు ఎక్కాలి కదా, ఎలా ఎక్కుతుంది? సిరల లోపల, అంటే మనం నరాలనే ఆ రక్తనాళాల లోపల, తలుపుల్లాంటి చిన్న చిన్న కవాటాలు ఉంటాయి, రక్తం పైకే వెళ్లాలి, కిందికి జారకూడదు. తోసే పని పిక్క కండరానిది. మన ఊరి బోరింగు లాంటిది అది. నడిస్తే పిడి కొట్టినట్టు, రక్తం పైకి వస్తుంది. కదలకుండా నిలబడితే పిడి కొట్టేవాళ్లు లేరు, రక్తం కిందే నిలబడుతుంది, సిరలు సాగుతాయి, కవాటాలు మూసుకోవడం మానేస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు రక్తం పెరుగుతుంది, హార్మోన్ల వల్ల సిరల గోడలు మెత్తబడతాయి, పెరిగిన గర్భసంచి పైన నొక్కుతుంది. అందుకే కాన్పు కాన్పుకీ ఎక్కువవుతుంది.

ఇది ఆడవాళ్ల జబ్బు అని మా పుస్తకాల్లో ఉండేది. ఎందుకంటే ఆసుపత్రికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ఏం చేశారంటే, ఆసుపత్రికి వచ్చినవాళ్లను కాకుండా 18 నుంచి 64 ఏళ్ల ఊరి జనం నుంచి 1,566 మందిని ఎంచి కాళ్లు చూశారు. పెద్ద సిరలు ఉబ్బినవాళ్లు మగవాళ్లలో 40 శాతం, ఆడవాళ్లలో 32 శాతం! 1999లో వచ్చిన ఫలితం ఇది. అన్ని దేశాల్లోనూ ఇలాగే ఉందని కాదు, అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే చోట ఆడవాళ్లలోనే ఎక్కువ కనిపించింది. ఎవరిని చూశామన్న దాన్ని బట్టి జబ్బు ఎవరిదో మారిపోతోంది. గమనించారా? నొప్పి, బరువు, దురద లాంటి బాధలు చెప్పింది మాత్రం ఎడిన్‌బరోలోనూ ఆడవాళ్లే ఎక్కువ. ఆ బాధను అందం కోసం వచ్చే ఫిర్యాదుగా కొట్టిపారేసే డాక్టర్లు నా తరంలో చాలామంది ఉన్నారు. అది అన్యాయం.

డెన్మార్క్‌లో ఉద్యోగం చేసేవాళ్లను 12 ఏళ్లు గమనించారు. ఎక్కువసేపు నిలబడి పనిచేసే ఆడవాళ్లు ఈ నరాల కోసం ఆసుపత్రిలో చేరాల్సి రావడం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు 1.8 రెట్లు. అంటే ఇది మీ ఒంటి లోపం ఒక్కటే కాదు, మీ పని కూడా కారణం. కేరళలో ఈ సంగతి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లే ముందు పట్టుకున్నారు. కోళిక్కోడ్‌లో విజి అనే దర్జీ పెణ్‌కూట్టు అనే సంఘం పెట్టింది. మొదట బాత్రూముల కోసం పోరాడారు. బాత్రూము లేక నీళ్లు తాగడం మానేసి, మూత్రంలో మంట తెచ్చుకునేవాళ్లు. మీలో తల ఊపుతున్నవాళ్లు కనిపిస్తున్నారు. తర్వాత కూర్చునే హక్కు అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టం మార్చి, పనివాళ్లకు కూర్చోవడానికి సీటు ఇచ్చి తీరాలంది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. మీరు అడగాల్సినప్పుడు, కేరళ, తమిళనాడుల్లో చట్టమే ఉందని చెప్పి అడగండి. ఒక్కరు అడిగితే ఉద్యోగం పోతుంది, నలుగురూ కలిసి వెళ్లండి.

ఈలోపు మీ చేతిలో ఉన్నవి చెబుతాను. నిలబడే ఉండాల్సి వస్తే కదలకుండా ఉండకండి, అరగంటకోసారి మడమలు ఎత్తి దించండి, పది ఇరవై సార్లు. ఇంటికెళ్లాక కాళ్లు గుండె కంటే ఎత్తులో పెట్టి కాసేపు పడుకోండి. బిగుతు సాక్సులు పొద్దున్నే మంచం దిగకముందే వేసుకోవాలి, కాలు వాచాక వేస్తే లాభం తక్కువ. కొనే ముందు డాక్టరుకు చూపించండి, కాళ్లకు రక్తం తక్కువ అందేవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు సొంతంగా వేసుకోకూడదు. చీలమండ దగ్గర చర్మం నల్లబడినా, పుండు పడి మానకపోయినా, ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా ఆలస్యం చేయకండి. ఆ మూడోది సిరలో రక్తం గడ్డ కట్టడం కావచ్చు, ఆ రోజే వెళ్లాలి. డాప్లర్ స్కానింగు చేస్తే కవాటం ఎక్కడ చెడిందో తెలుస్తుంది. ఇప్పుడు లేజరు చికిత్స ఉంది, చాలామంది అదే రోజు నడిచి ఇంటికెళ్లిపోతారు.

ఇంకో అరగంట ఉంటాను. అందరి ముందు అడగలేనివి కాగితం మీద రాసి పంపండి, పేరు రాయక్కర్లేదు. మైకు మొదట వెనక వరసల వాళ్లకు ఇవ్వండి.